మూసేసిన ప్లాట్‌ఫారం మీద గొంతు

మా స్టేషన్లో రెండో నంబరు ప్లాట్‌ఫారం మంచిది కాదు. అక్కడ రైళ్లు ఆగడం మానేసి ఏళ్లయింది. అయినా రాత్రిళ్లు ఒక మగగొంతు రైలొస్తోందని పిలుస్తుందట. అది పాత అనౌన్సరు గొంతు... ఆయన పోయి ఏడాది దాటింది. పోర్టర్లే అటు కన్నెత్తి చూడరు, ఇక మనమెంత!

టైలర్ బాబాయ్ మాత్రం వెళ్లాడు. నాకు చెప్పిందీ ఆయనే.

ఆ సాయంత్రం ఆసుపత్రి నుంచి వాళ్లక్క ఫోన్ — "అమ్మ నిన్నే అడుగుతోందిరా..." మెడలో టేపు కూడా తీయకుండా పరుగెత్తాడు. ఆఖరి రైలు తప్పితే కడసారి చూపు దక్కదు.

స్టేషన్లో అడుగు పెట్టాడో లేదో — గొంతు!

"ప్రయాణికులకు విజ్ఞప్తి... రైలు రెండో నంబరు ప్లాట్‌ఫారం మీదికి వస్తోంది..."

ఆ పిలుపు సంగతి బాబాయ్‌కి తెలీదా? తెలుసు. కానీ ప్రాణం మీదికొచ్చినవాడికి దెయ్యమేంటి, దేవుడేంటి! ఇవాళ నిజంగానే మార్చారేమోనని వంతెనెక్కి అటు దిగాడు.

దిగేసరికి... రైలు మొదటి ప్లాట్‌ఫారం మీదికొచ్చింది. ఆయన మళ్లీ మెట్లెక్కేలోపే కదిలిపోయింది.

బాబాయ్ అక్కడే కూలబడ్డాడు. అప్పుడు కనిపించింది — గోడ పక్కన, చీకట్లో తెల్లగా ఒక మొహం...

ముసలామె. చేతిలో వెలుగుతున్న ఫోను. గోడ మీద స్టేషన్ చరిత్ర చెప్పే క్యూఆర్ కోడ్. స్కాన్ చేస్తే ఆ అనౌన్సరు పాత పిలుపు వినిపిస్తుంది, ఆయన బతికుండగా రికార్డు చేసింది.

"మా ఆయన..." గొణిగింది. "నాకు చెముడు బాబూ, అందుకే గట్టిగా పెట్టుకుంటా. పగలైతే జనం నవ్వుతారు."

తిడదామని నోరు తెరిచి, బాబాయ్ భోరుమన్నాడు. "మా అమ్మని ఇక చూడలేను..." అని ఆమె చెవిలో అరిచాడు.

"చూడలేకపోతే గొంతైనా వినిపించు నాయనా."

అక్క ఫోన్ ఎత్తలేదు. అమ్మ ఫోనుకే చేశాడు. ఎత్తింది!

"అమ్మా... రైలు తప్పిపోయింది..."

"ఏడవకురా. తిన్నావా? మెల్లగా రా, తొందరేం లేదు."

తెల్లారి మొదటి రైలుకి వెళ్లాడు. ఆసుపత్రి వరండాలో అక్క ఆయన్ని పట్టుకుని బావురుమంది. "నీకు ఫోన్ చేసిన కాసేపటికే పోయిందిరా... ఆ తర్వాత నాకు ఒళ్లు తెలీలేదు."

"అదేంటక్కా! రాత్రి నాతో మాట్లాడింది. తన ఫోన్లోనే."

అక్క ఏడుపు ఆగిపోయింది. సంచిలో చెయ్యి పెట్టి అమ్మ ఫోన్ తీసింది.

ఆసుపత్రిలో చేర్చిన రోజే కిందపడి రెండు ముక్కలయిందట అది.