గోడకు అతికించిన గాజుముక్క

ఇలా రండర్రా, దగ్గరకు. ఆ మెట్ల మీద కూర్చున్నవాళ్ళు కూడా లోపలికి వచ్చేయండి, జల్లు కొడుతోంది. చెవి మిషను పెట్టుకునే ఉన్నాను, మధ్యలో ఎవరు గుసగుసలాడినా వినబడుతుంది, జాగ్రత్త.

బాల్కనీ తలుపు పక్కన గోడకు అతుక్కుని ఉన్న ఆ గాజుముక్క ఏమిటని కదా అడిగారు? వేలెడంత ఉంటుందేమో. ఇంటికొచ్చిన వాళ్ళంతా పెయింటు వేసినవాడు మరిచిపోయి వదిలేశాడనుకుంటారు. కాదు. అది మా పిల్ల పెళ్ళి కథ.

మా పిల్ల అంటే నా మనవరాలు. ఆసుపత్రిలో జనానికి వినికిడి పరీక్షలు చేసే ఉద్యోగం. పదేళ్ళలో మేమిద్దరం ఏడు అద్దె ఇళ్ళు మారాం. ఒకరు కొడుకు వస్తున్నాడన్నారు, ఒకరు పడగొట్టి కడతామన్నారు, ఒకరైతే కారణం చెప్పడం కూడా దండగనుకున్నారు. ఏడో ఇంట్లో మా పిల్ల అట్టపెట్టెలు విప్పనే లేదు. "మళ్ళీ కట్టడమేగా అమ్మమ్మా" అనేది. నవ్వుతూనే అనేది గానీ, ఆ పెట్టెల వైపు మాత్రం చూసేది కాదు.

అలాంటి పిల్ల, ఊరి నడిబొడ్డున, ఆసుపత్రికి నడిచిపోయేంత దూరంలో ఉన్న ఈ రెండో అంతస్తు ఫ్లాటు చూసి ప్రేమలో పడింది. ముందు ఫ్లాటుతోనే లెండి. నలభై రెండేళ్ళ బిల్డింగు, లిఫ్టు లేదు. కానీ ఎత్తయిన గోడలు, మనిషి నిలబడేంత కిటికీలు, వీధికి అటూ ఇటూ ముసలి చెట్లు, కింద దర్జీ కొట్టు, ఎదురుగా లైబ్రరీ. అమ్మే ఆవిడ రిటైరైన టీచరమ్మ. మెట్లెక్కలేక అప్పటికే కింది అంతస్తులో చెల్లెలి దగ్గరకు మారిపోయింది. "నెలాఖరు దాకా ఆగుతానమ్మాయ్. ఆ తరవాత వేరేవాళ్ళు కాచుకుని ఉన్నారు" అంటూ తాళం చెవి మా పిల్ల చేతిలో పెట్టింది.

పాత ఇల్లు కదా, కొనేముందు పరీక్ష చేయించుకోమని ఎవరో చెబితే మా పిల్ల ఒక ఇంజనీరును పిలిచింది. మేం అతనికి గోడల డాక్టరని పేరు పెట్టుకున్నాం. కథంతా అలాగే పిలుస్తాను.

వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, జేబులో టార్చి, చేతిలో చిన్న చెక్క సుత్తి. మా పిల్ల మురిపెంగా కిటికీలన్నీ బార్లా తెరిచి "ఆ వెలుతురు చూడండి!" అంది. అతను వెలుతురు కేసి చూస్తే ఒట్టు. వంటింటి సింకు కింద తల దూర్చేశాడు. కాళ్ళు మాత్రం బయట కనబడుతున్నాయి.

"పైపులు పోయాయండీ. మార్చాలి."

కాసేపాగి, "వైర్లు కూడా ఆ కాలానివే. మార్చాలి" అన్నాడు.

"ఇంతకీ ఉంచేదేమైనా ఉందా?" అంది మా పిల్ల.

"కిటికీలు ఉంచుకోండి. బాగున్నాయి."

అంటే చూశాడన్నమాట! ఆ తరవాత గోడల మీద పడ్డాడు. టకటకమని కొట్టడం, చెవి ఆనించి వినడం, మళ్ళీ జానెడు జరిగి కొట్టడం.

"గోడల మీద మీకంత పగేంటండీ?"

"పగ కాదండీ, పలకరింపు. లోపల బోలుగా ఉంటే తెలిసిపోతుంది."

"గోడలకేనా, మనుషులక్కూడా పనిచేస్తుందా?"

"మనుషులు సుత్తితో కొట్టనివ్వరండీ."

నేను నవ్వాపుకోలేక కిటికీ బయటి చెట్టువైపు తిరిగాను.

ఆ తరవాత అతనేం అడిగాడో తెలుసా? అపార్ట్‌మెంటు వాళ్ళ మీటింగుల పుస్తకం! టీచరమ్మ దగ్గర తీసుకుని, మెట్ల మీద కూర్చుని రెండు గంటలు చదివాడు. లేచి దుమ్ము దులుపుకుంటూ అన్నాడు: "పన్నెండు కుటుంబాలండీ. ఇరవై ఏళ్ళుగా ప్రతి మీటింగులోనూ పోట్లాడుకున్నారు. కానీ డాబా కారిన ప్రతిసారీ వానలు రాకముందే బాగు చేయించుకున్నారు. మంచి బిల్డింగండీ."

అప్పుడు మా పిల్ల అతన్ని మొదటిసారి సరిగ్గా చూసింది.

అంతా బాగుందనుకుంటుండగా బాల్కనీ తలుపు మూల దగ్గర ఆగిపోయాడు. అక్కడ నేల దగ్గర మొదలై, ఏటవాలుగా పైకి పాకిన బీట ఒకటి. వెంట్రుక కంటే కాస్త లావు.

"ఇది ఎప్పుడో వచ్చి ఆగిపోయిందా, ఇంకా పెరుగుతోందా అన్నది తేలాలండీ. ఆగిపోయుంటే పూడ్చేసి రంగు వేయించుకోండి. పెరుగుతుంటే మాత్రం ఈ ఇంటి జోలికి పోకండి."

"ఎలా తెలుస్తుంది?"

సంచీలోంచి రెండు పల్చటి గాజుముక్కలు తీశాడు. ఒకటి పైన, ఒకటి కింద తలుపు చాటున, బీటకు అడ్డంగా పెట్టి రెండు కొసలా అతికించాడు. పక్కనే పెన్సిలుతో తేదీ వేశాడు. గోడ ఏమాత్రం కదిలినా గాజు విరుగుతుందట. నెలాఖరుకు విరక్కుండా ఉంటే కొనేసుకోవచ్చట. "ఎవ్వరూ ముట్టుకోకూడదు" అన్నాడు. మా పిల్ల నావైపు తిరిగి "అమ్మమ్మా, విన్నావుగా?" అని మూడుసార్లు అడిగింది. విన్నాను.

ఇక ప్రతి ఆదివారం పొద్దున్నే హాజరు. భూతద్దంతో గాజు చూడ్డానికి అతనికి రెండు నిమిషాలు పట్టేది. వెళ్ళడానికి రెండు గంటలు పట్టేది. ఒక ఆదివారం గొడుగు లేకుండా వచ్చాడు. మా పిల్ల గొడుగులో ఇద్దరూ బస్టాపు దాకా వెళ్ళారు. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. అతని కుడి భుజం, ఈమె ఎడమ భుజం తడిసి ముద్దయ్యాయి. ఇద్దరి మధ్యలో గొడుగు కింద మాత్రం ఇంకో మనిషి పట్టేంత చోటు!

ఒక బుధవారం ఏకంగా ఆసుపత్రికే వెళ్ళాడు, చెవిలో ఏదో హోరంటూ. మా పిల్ల పరీక్ష చేసింది.

"మీలాంటి చెవులు గబ్బిలాలకు కూడా ఉండవండీ. దేనికొచ్చారు?"

"డౌటు తీర్చుకుందామని."

"తీరిందా?"

"ఇంకోసారి రావాల్సి ఉంటుందేమో."

ఇదంతా ఇంటికొచ్చి ముఖం చిట్లించుకుని నాకు చెప్పింది. ఆ రాత్రే పెట్టెలలోంచి కర్టెన్లు తీసి పొడవు కొలుచుకుంది. నేను చూడనట్టే ఉన్నాను.

ఇప్పుడు నా ఘనకార్యం. నెలాఖరు ఆదివారానికి రెండు రోజుల ముందు, తాళం తీసుకుని ఒక్కదాన్నే వచ్చాను. నాకు మోకాళ్ళు గట్టివి, చెవులే మెత్తన. అతనొస్తాడు కదా, ఇల్లు కాస్త కళగా ఉండాలని తడిగుడ్డ పెట్టి తుడవడం మొదలెట్టాను. పై గాజు ఎదురుగా కనబడుతోంది, దాని దరిదాపులకు పోలేదు. తలుపు వెనక దుమ్ము తుడుస్తుంటే టిక్కుమంది. కింది గాజు. మరిచేపోయాను!

చెబుదామని అనుకున్నాను. శుక్రవారం అనుకున్నాను. శనివారమూ అనుకున్నాను.

ఆదివారం అతను వచ్చాడు. వంగి తలుపు వెనక చూశాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"కొనకండి."

"అంటే?"

"విరిగిందండీ. గోడ కదులుతోంది. ఈ ఇల్లు వద్దు మీకు."

మా పిల్ల గోడకు చెయ్యి ఆనించి నిలబడింది. ఏడవలేదు. "సరే అమ్మమ్మా, పెట్టెలు విప్పకపోవడమే మంచిదయింది" అంది. అతను సుత్తి సంచీలో పెట్టాడు, మళ్ళీ తీశాడు, మళ్ళీ పెట్టాడు.

"అయితే వచ్చే ఆదివారం మీరు రానక్కర్లేదు" అంది.

"అక్కర్లేదండీ."

ఇద్దరూ ఆ గోడనే చూస్తున్నారు. నేనేం చేశానో చెబితే నవ్వుతారు. చెవి మిషను కట్టేశాను. ఏమీ వినకపోతే తప్పు నాది కానట్టుంటుందని. మూడు నిమిషాలు అలా కూర్చున్నాను. కానీ కళ్ళను కట్టేసే మిషను లేదు కదా. మా పిల్ల భుజాలు చూసి ఇక నావల్ల కాలేదు.

"అది విరగ్గొట్టింది నేనే!" అని అరిచాను. మిషను కట్టేసి ఉందేమో, ఎంత గట్టిగా అరిచానో నాకే తెలీలేదు. కింది నుంచి టీచరమ్మ రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కి వచ్చింది, ఎవరు పడ్డారోనని.

నేను గబగబా మిషను మళ్ళీ ఆన్ చేశాను. గోడల డాక్టరు మోకాళ్ళ మీద కూర్చుని మళ్ళీ చూశాడు. గాజు బీట మీద కాదు, ఓ కొసన విరిగింది. అంచున నా తడిగుడ్డ దారం వేలాడుతోంది. పై గాజు చెక్కు చెదరలేదు.

మా పిల్ల నడుం మీద చేతులు పెట్టుకుంది. "గోడ కదిలితే రెండూ విరగాలిగా! పైది చూడకుండానే ఎలా చెప్పేశారు? సింకు కింద గంటసేపు పడుకునే మనిషి!"

అతను లేచి నిలబడ్డాడు. 

"ఇన్నేళ్ళలో సరిగ్గా చూడకుండా చెప్పడం ఇదే మొదటిసారి" అన్నాడు. "వేరేవాళ్ళ ఇల్లయితే చూసేవాణ్ణి. మీరుండబోయే ఇల్లు కదా. భయమేసింది."

మా పిల్ల చేతులు నడుం మీంచి వాటంతటవే జారిపోయాయి.

టీచరమ్మ ఆయాసం తీర్చుకుని అడిగింది: "ఒక్కటడగనా బాబూ? మా పక్క ఫ్లాటుకూ ఒకప్పుడు ఇలాగే గాజు పెట్టారు. ఆ ఇంజనీరు పెట్టిన రోజు వచ్చాడు, తీసేరోజు వచ్చాడు. నువ్వేంటి, ప్రతి ఆదివారం వస్తున్నావు?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. మా పిల్ల కింది పెదవి కొరుక్కుంటూ "చెప్పండి డాక్టరుగారూ, డౌటు తీరలేదా ఇంకా?" అంది.

"తీరిందండీ. మీకు అభ్యంతరం లేకపోతే ఆదివారాలు మాత్రం అలాగే ఉంచుకుంటాను."

"పైపులు, వైర్లు మార్చమన్నారు. ఆదివారాలు మార్చమని ఎవరన్నారు?" అంది మా పిల్ల.

టీచరమ్మ కాచుకుని ఉన్నవాళ్ళకు కబురు చేసి ఇంకో రెండు వారాలు గడువిచ్చింది. కొత్త గాజు పెట్టారు. ఆ రెండు వారాలూ ఆకాశం చిల్లుపడ్డట్టు వాన. నేను ఆ గోడకు ఆరడుగుల దూరంలో, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని. చివరి రోజు అతను భూతద్దం కిందకు దించి "కదల్లేదండీ" అన్నాడు. హమ్మయ్య! మా పిల్ల నేల మీదే చతికిలబడి నవ్వింది. అంత తేలిగ్గా నవ్వడం పదేళ్ళలో చూడలేదు నేను. ఇల్లు కొనుక్కుని చేరిన సాయంత్రమే అట్టపెట్టెలన్నీ విప్పాం. విప్పిన వాళ్ళం ముగ్గురం.

బీట పూడ్చేసినా పై గాజు తీయనివ్వలేదు మా పిల్ల. పెళ్ళయ్యాక కూడా, ఇప్పటికీ ఆదివారం పొద్దున్నే అతను భూతద్దం పట్టుకుని దాన్ని చూస్తాడు. ఆమె గోడకు ఆనుకుని నిలబడి "ఎలా ఉంది డాక్టరుగారూ?" అని అడుగుతుంది.

ఇది గుర్తుపెట్టుకోండర్రా. ఈ గోడకు ఇంకెప్పుడో రంగు వేయిస్తారు, అప్పటికి నేనుండను. ఎవరైనా ఆ గాజు పీకబోతే చెయ్యి పట్టుకుని ఆపి, కూర్చోబెట్టి ఈ కథ చెప్పండి. కింది గాజు విరగ్గొట్టింది అమ్మమ్మేనని కూడా చెప్పండి. మూడు నిమిషాలు చెవి మిషను కట్టేసుకుందని కూడా. దాచకండి.