వీపు మీద నాలుగు పట్టీలు

వీధిలో మగ్గాల చప్పుడు మొదలయ్యే వేళకు రమణమ్మ చద్దన్నంలో మజ్జిగ పోసి కలిపి, భర్త ఎదుట కూర్చుంది. మార్కండేయులు నోరు తెరిచాడు. ఆమె ముద్ద పెట్టింది. నెల రోజులుగా ఆ ఇంట్లో పొద్దు ఇలాగే మొదలవుతోంది.

"ఏభై రెండేళ్లొచ్చాయి, ఇంకా అన్నప్రాశన అవుతూనే ఉంది నీకు," అంది గుమ్మంలో కూర్చుని వత్తులు చేసుకుంటున్న పున్నమ్మ. ఆమె మార్కండేయులు తల్లి.

"అప్పుడు నువ్వు సరిగ్గా చేసుండవులే అమ్మా."

"ముద్ద నోట్లో పెట్టుకుని మాట్లాడకండి, పొలమారుతుంది," అంది రమణమ్మ.

ముగ్గురూ నవ్వారు. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. అతని చేతులు ఒళ్లోని గుడ్డ మీద వెల్లకిలా పడి ఉన్నాయి. వేళ్ల సందులు పగిలి రసి కారుతోంది. రెండు బొటనవేళ్ల గోళ్లూ ఊడిపోయాయి. మంగళగిరిలో నూలుకు రంగు అద్దడంలో ముప్పై ఏళ్లుగా అతని తర్వాతే ఎవరైనా. అతను తొట్టిలో ముంచి తీసిన నూలు చిలపకు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే ఎరుపు పట్టేది. ఎక్కడా మచ్చ ఉండేది కాదు.

ఆదివారం కనుక కూతురు సామ్రాజ్యం గుంటూరు నుంచి మొదటి బస్సుకే వచ్చింది. అక్కడ ఆమె టీచరు ట్రైనింగు చదువుతోంది. వస్తూనే చెప్పులు విడిచి, "నాన్నా, ఇవాళ డాక్టరమ్మగారు వస్తున్నారు. నిన్న హాస్టలుకు మనిషిని పంపి చెప్పించారు," అంది.

రమణమ్మ చేతిలో ముద్ద గిన్నెలోనే ఆగిపోయింది.

"ఎందుకట?"

"మీ నాన్న పరీక్ష మరోసారి చెయ్యాలి అన్నారట. అంతకుమించి ఆ మనిషికీ తెలియదు."

పరీక్ష జరిగింది చైత్రంలో. డాక్టర్ సంతోషకుమారి, ఆమెతో హయాత్ అనే అతనూ ఆ ఇంటికి వచ్చారు. ఆమెది చర్మవ్యాధుల చదువు, అతనిది రసాయనాల చదువు. అద్దకం పనివాళ్ల చేతులు ఎందుకు పాడవుతున్నాయో కనిపెట్టాలని రెండు విశ్వవిద్యాలయాల వాళ్లు కలిసి పరిశోధన చేస్తున్నారు. హయాత్ సొంతూరు చీరాల. రంగు తొట్ల పక్కనే పెరిగినవాడు కావడంతో, ఏ రంగులో ఏ పొడి కలుస్తుందో అడిగి, వాసన చూసి రాసుకున్నాడు. ఆ పొడులనే బాగా పలచన చేసి, నాలుగు చిన్న గుడ్డముక్కల్లో పెట్టి తెచ్చాడు. డాక్టరమ్మ వాటిని మార్కండేయులు వీపు మీద అంటించి, ఒక్కొక్కదాని మీద అంకె వేసి, పక్కన చర్మం మీద కూడా సిరాతో అదే అంకె వేసింది. అన్నిటికీ పైన ఒకటి ఎరుపుది. అన్నిటికీ కింద నాలుగు నీలానిది.

"రెండు రోజులు నీళ్లు తగలకూడదండీ. మూడో రోజు నేనే వచ్చి తీస్తాను," అంది.

"అట్లాగేనండి," అన్నాడు మార్కండేయులు.

మూడో రోజు ఆమె వచ్చి చూస్తే, నాలుగో అంకె పట్టీ కింద చర్మం ఎర్రగా కంది, చిన్న చిన్న పొక్కులతో ఉంది. నీలం మీకు పడదు, ఎరుపు చేసుకోవచ్చు అని చెప్పి వెళ్లింది. మార్కండేయులు తన నీలి తొట్టిని తోటి అద్దకం పనివాడు మాలకొండయ్యకు ఇచ్చేశాడు. ఆ వేసవీ, ఆ వానాకాలమూ ఒక్క ఎరుపే అద్దాడు. నీలం మానేసినా చేతులు తగ్గలేదు, ఇంకా పగిలాయి. పాత నీలం విషం బయటికి పోతోంది కాబోలు అనుకుని, అతను ఇంకా మొండిగా పని చేశాడు.

పది గంటలకు డాక్టరమ్మ ఒక్కతే వచ్చింది. అతని చేతులు చూసి, తెచ్చిన సంచీ తెరవకుండానే కింద పెట్టేసింది.

"ఇదేమిటండీ ఇలా అయింది? నీలం మానేయలేదా?"

"ఆ రోజే మానేశానండి. మీరు చెప్పినట్టు ఎరుపు ఒక్కటే చేస్తున్నా."

ఆమె సంచీలోంచి పరీక్షలు రాసుకున్న పుస్తకం తీసింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. ఇక్కడా చీరాలలోనూ కలిపి నలభై ఒక్కమందికి పరీక్ష చేశారు. పందొమ్మిదిమందికి చర్మం కందింది. వాళ్లలో పద్దెనిమిదిమందికి ఎరుపు పొడి దగ్గరే. మార్కండేయులు ఒక్కడికే నీలం దగ్గర.

"మీ ఒంటి తీరు వేరేమో అనుకున్నాను. హయాత్ మాత్రం ఒప్పుకోలేదు. ఆ పట్టీలేమైనా తడిశాయేమో ఒకసారి అడిగి రమ్మన్నాడు."

"లేదండి," అన్నాడు మార్కండేయులు వెంటనే.

సామ్రాజ్యం తండ్రి ముఖంలోకి చూసింది. "నాన్నా, నిజం చెప్పు. ఎండాకాలం, రెండు రోజులు స్నానం చెయ్యకుండా ఉన్నావా నువ్వు?"

"ఉన్నానంటే ఉన్నాను. పెద్దాణ్ని పట్టుకుని దొంగను చేస్తావేమే?"

"దొంగవని ఎవరన్నారు? చేతులు చూసుకో! అబద్ధం చెప్పి ఎవరి పరువు నిలబెడతావు?"

"అరవకు. వీధి వింటుంది."

"విననీ! వీధిలో ఇంకెంతమంది చేతులు ఇలా అవుతాయో!"

"సామ్రాజ్యం," అంది రమణమ్మ. ఆమె గొంతు ఎంత చిన్నగా వచ్చిందంటే, అందరూ ఒక్కసారి అటు తిరిగారు. "మీ నాన్ననేమీ అనకు. ఆయన వీపు ఆయనకేం కనపడుతుంది? చేసిందాన్ని నేను."

స్తంభానికి ఆనుకుని, నేల చూస్తూ చెప్పింది. పట్టీలు వేసిన మర్నాడే మామగారి తద్దినం. తండ్రికి పిండం పెట్టేవాడు తలస్నానం చెయ్యకుండా ఎలా కూర్చుంటాడు? చేశాడు. తడికి పట్టీలు నాలుగూ ఊడి నూతి పళ్లెంలో, పారే నీళ్లలో పడ్డాయి. వీపు మీది సిరా కరిగిపోయింది. డాక్టరమ్మ అంత దూరం నుంచి వచ్చి పెట్టింది, ఊడాయంటే నొచ్చుకుంటుందని భయమేసింది. వాటిని పొయ్యి గట్టు మీద ఆరబెట్టి, నూలుకు పెట్టే గంజితో మళ్లీ అంటించింది.

"వరస గుర్తుందనే అనుకున్నానమ్మా. అంకెలు నాకు రావు. వంకర తిరిగింది పైన, నిలువు గీత కింద అనుకున్నా. తిరగేసి పెట్టానని ఇప్పుడు, మీరు చెబుతుంటే తెలిసింది."

లెక్క అందరికీ అర్థమైంది. పొడులు నీళ్లకు పోయినా, పొక్కులు లేచిన చోటు మొదట ఎరుపు పట్టీ ఉన్నదే. దాని మీద ఆమె నీలం పట్టీ అంటించింది. డాక్టరమ్మ పట్టీ మీద అంకె చూసి నీలం అని రాసుకుంది. ఏడు నెలలుగా అతను తనకు పడని తొట్టిలోనే చేతులు పెట్టాడు.

"పొమ్మన్నది నేను," అంది పున్నమ్మ. ఆమె చేతిలో వత్తి విడిపోయి దూదిగా మారింది. "వాడు ఆలోచిస్తుంటే, నాన్న కంటే ఆ గుడ్డముక్కలు ఎక్కువయ్యాయట్రా అని తిట్టి నూతి దగ్గరికి తోలాను."

"తద్దినం ఉందని ఆ రోజే ఒక్క మాట చెబితే వారం తర్వాత వేసేదాన్ని కదమ్మా," అంది డాక్టరమ్మ.

"తిథి నాకు తెలుసండి," అంది రమణమ్మ. " ఆ రోజు ఇంటి నిండా మగవాళ్లున్నారు. మధ్యలో నేనేం మాట్లాడను?"

డాక్టరమ్మ తల దించుకుంది. "పట్టీల అంచులు గట్టిగా ఉన్నాయి. చెమటకు బిగిశాయి, చర్మం మీద సిరా కూడా చెమటకే పోయింది అనుకున్నాను. నేనూ మిమ్మల్ని అడగలేదు."

"ఇప్పుడు మళ్లీ పరీక్ష చెయ్యండి," అంది సామ్రాజ్యం. "ఈసారి నేనుంటాను."

"ఈ చర్మం మీద చెయ్యలేను. చెయ్యాల్సిన అవసరమూ లేదు." ఆమె మార్కండేయులు వైపు తిరిగింది. "ఎరుపు ముట్టుకోకండి. ఎప్పటికీ. పుళ్లు మానతాయి. కానీ చర్మం ఒకసారి పగబట్టిందంటే మరిచిపోదండి. ఇక ఏ రంగు తడి నూలు తగిలినా మళ్లీ ఇంతే."

"చేతులకు తొడుగులేసుకుంటే?"

"చైత్రంలో అయితే సరిపోయేవేమో."

అతను తలూపాడు. ఆమె అన్నది ఎంత చిన్న మాటో, దానితో ఎన్నేళ్ల పని పోయిందో ఆ గదిలో అందరికీ తెలుసు. డాక్టరమ్మ పుస్తకం తెరిచి, అతని పేరున్న వరుస మీద గీత గీయబోయింది.

"కొట్టేస్తున్నారా అండీ?"

"తడిసిన పరీక్ష లెక్కలోకి రాదండి."

"లెక్కలో వద్దులెండి. ఎందుకు తప్పిందో పక్కన రాయండి. ఇంకో ఊళ్లో పట్టీలు వేసేముందు, ఆ రెండు రోజుల్లో ఇంట్లో ఏముందో ఆడవాళ్లను అడగమని రాయండి."

ఆమె రాసింది. రాసింది చదివి వినిపించి, పగుళ్లకు పూత మందు ఇచ్చి వెళ్లింది. సామ్రాజ్యం ఆమెను బస్సు దాకా సాగనంపడానికి వెళ్లింది. పున్నమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది.

రమణమ్మ స్తంభం దగ్గరే ఉంది. అప్పటిదాకా రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది.

"నా చేత్తో నేనే చేశానండీ."

"అబద్ధం ఆడింది నేను కూడా. నువ్వొక్కదానివే మొయ్యకు," అన్నాడు మార్కండేయులు. లేచి వచ్చి ఆమె ఎదుట కూర్చున్నాడు. ఆమె తల వంచుకునే ఉంది. అతను పగిలిన వేళ్లతో ఆమె చెంపలు తుడవబోయాడు. కన్నీళ్ల ఉప్పు పగుళ్లలోకి దిగి చురుక్కుమంది. అతని పెదవి బిగిసింది.

"మండుతోంది కదండీ. తియ్యండి."

"తుడవనీ," అన్నాడు. చెయ్యి తియ్యలేదు.