అయిదో క్లాంపు

మా విమానాల షెడ్డు వెనక చెక్కమెట్లెక్కితే ఒక గది వస్తుంది. చీకటి పడ్డాక ఆ మెట్లు ఎవరూ ఎక్కరు. పగలైనా ఇద్దరు కలిసే వెళ్తారు. మూడు వేల అడుగుల ఎత్తున విమానం తలుపు తీస్తే ఈలలేసుకుంటూ దూకేసే మొనగాళ్ళు... ఆ పదమూడు మెట్ల దగ్గరికొచ్చేసరికి "నువ్వు ముందు పద", "ఆహా, నువ్వే పద" అని తోసుకుంటారు. వాళ్ళని చూస్తే నాకు నవ్వొచ్చేది. అప్పట్లో!

నా పేరు వెండెల్. ఇరవయ్యేళ్ళు ఆ మైదానంలో విమానం నడిపాను. చిన్న సెస్నా, నాతో కలిపి అయిదుగురు పడతారు. చుట్టూ మొక్కజొన్న చేలు, మధ్యలో గడ్డి రన్‌వే, వేసవి శని ఆదివారాల్లో పారాచూట్ కట్టుకుని దూకడానికొచ్చే జనం. నెబ్రాస్కాలో ఆ మూలన అంతకంటే ఏముంటుంది? మైదానం యజమాని కర్టిస్. వాడికీ నాకూ పడదు. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నా, తరవాత నన్ననొద్దు.

ఆ గది ఎమిల్‌ది. ఎమిల్ కుచేరా, మా మడతల మేస్త్రీ.

దూకేవాడి వీపు మీద రెండు పారాచూట్లుంటాయి. మొదటిది ఎవడిది వాడే మడుచుకోవచ్చు. అది తెరుచుకోకపోతే ఆదుకునేది రెండోది, రిజర్వు. దాన్ని మాత్రం లైసెన్సున్న మేస్త్రీయే ముట్టుకోవాలి. నాలుగు నెలలకోసారి పూర్తిగా విప్పాలి, ఆరబెట్టాలి, ప్రతి తాడూ తడిమి చూడాలి, మళ్ళీ మడిచి ఎర్ర దారం కట్టి సీసం సీలు నొక్కాలి. లోపలుండే చీటీ మీద సంతకం పెట్టాలి. సీలు తెగిందంటే మేస్త్రీ మళ్ళీ మడిచేదాకా అది నేల వదలకూడదు.

ఎమిల్‌కి ఒక్కోదానికి మూడు గంటలు పట్టేది. మడతలు జారకుండా మధ్యలో కరిచిపట్టే ఇనప క్లాంపులు బిగిస్తారు. ఆయనకి అయిదుండేవి, ఒక్కోదానికీ ఎర్ర రిబ్బను, గోడకి అయిదు మేకులు. సీలు నొక్కే ముందు గోడవైపు తిరిగి పైకే లెక్కపెట్టేవాడు — "ఒకటి... రెండు... మూడు... నాలుగు... అయిదు." అప్పుడే సీలు. లోపల మరిచిపోయిన క్లాంపు తాళ్ళని పట్టేసిందంటే ఆ రిజర్వు తెరుచుకోదు. మూటలాగే పడుతుంది, మనిషితో సహా.

మాలో ఒక పద్ధతుంది. రిజర్వు వల్ల ఎవడి ప్రాణమైనా నిలిస్తే, దాన్ని మడిచిన మేస్త్రీకి వాడొక సీసా తెచ్చివ్వాలి. ఎమిల్ గూట్లో పదకొండు సీసాలుండేవి. ఆయన చుక్క ముట్టేవాడు కాదు, ఊరికే తుడిచి పెట్టుకునేవాడు.

ఆ ఏడు ఏప్రిల్లో, సీజను తెరిచే ముందురోజు, కర్టిస్ ఆయన నెత్తిమీద కూర్చున్నాడు.

"రేపు తొమ్మిదింటికల్లా అయిదు రిజర్వులూ కావాలి. నీ ఒకట్లూ రెళ్ళూ తరవాత పెట్టుకో ముసలాడా!"

ముసలాడు ఆ ఒక్కరోజూ లెక్క చివరికి పెట్టుకున్నాడు. రాత్రి నాకు ఫోను చేశాడు.

"వెండెల్... నాలుగే ఉన్నాయిరా."

"పొద్దున చూద్దాంలే, పడుకో."

"అయిదింట్లో దేన్లోనో ఉండిపోయింది... నువ్వొచ్చి లైటు పట్టుకో. అన్నీ విప్పేస్తా."

"పొద్దున వస్తానన్నానా!" అని విసుక్కుని పెట్టేశాను.

పొద్దున వెళ్తే బల్లమీద తల వాల్చి ఉన్నాడు. గుండె ఆగిపోయింది. గోడకి నాలుగు క్లాంపులు. అయిదో మేకు ఖాళీ.

కర్టిస్‌కి చెప్పాను. వాడు ప్రూయిట్ అనే కొత్త మేస్త్రీని పిలిపించి అయిదూ విప్పి చూడమన్నాడు. రెండ్రోజుల్లో ప్రూయిట్ మూతి తుడుచుకుంటూ దిగొచ్చాడు. "అన్నీ చూశా. ఏం లేదు." సరే అనుకున్నాం. ఎమిలే క్లాంపు ఎక్కడో పారేసుకుని ఉంటాడనుకున్నాం.

అప్పట్నించే గదికి దెయ్యం గదని పేరొచ్చింది. రాత్రిళ్ళు పైనుంచి లెక్క వినిపిస్తుందని జనం చెప్పుకునేవాళ్ళు. నాలుగు దాకా వస్తుందట... ఆగుతుందట... మళ్ళీ ఒకటి నుంచి మొదలట.

మూడేళ్ళు గడిచాయి. మూడో వసంతంలో సీళ్ళు తెగడం మొదలయింది.

మొదట రెండో నెంబరు. మా పారాచూట్ సంచులన్నిటికీ నెంబర్లుండేవి. తెల్లారేసరికి ఎర్ర దారం తెగి, రిజర్వు మొత్తం బయటికొచ్చి, బల్లమీద బారుగా పరిచి ఉంది. వారం తిరక్కుండా నాలుగోది. తరవాత అయిదోది, తొమ్మిదోది. ఎమిల్ ఆఖరిరోజు మడిచిన అయిదింట్లో నాలుగు అవే. ఒకదాంట్లోనూ క్లాంపు లేదు.

"దెయ్యమా గాడిదగుడ్డా!" అని కర్టిస్ చిందులేశాడు. "ఎవడో నా బతుకు మీద దెబ్బ కొడుతున్నాడు. దొరికాడంటే తోలు వలుస్తా!" అంటూ నావైపే చూశాడు. తాళం మార్పించాడు. తాళంచెవి ఒకటే, వాడి జేబులో.

సరిగ్గా అప్పుడే టెస్‌కి పద్దెనిమిది నిండబోతున్నాయి. టెస్ కర్టిస్ కూతురు, ఒక్కతే. చిన్నప్పట్నించీ ఆ గడ్డిలోనే పెరిగింది. పద్దెనిమిది నిండితేగాని దూకనివ్వనని తండ్రి ఆపాడు, అందుకని రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. శనివారం పొద్దున తన పుట్టినరోజు, తొలిసారి దూకేదీ ఆ రోజే. కర్టిస్ స్వయంగా ఎంచి పెట్టాడు... ఏడో నెంబరు.

శుక్రవారం సాయంత్రం షెడ్డులో వాడి దారికి అడ్డం నిలబడ్డాను.

"కర్టిస్, ఏడు వద్దు. పిల్లకి ఇంకోటి కట్టు."

"ఎందుకట?"

"ఎమిల్ ఆ రోజు మడిచినవి అయిదు. నాలుగు విప్పి పడ్డాయి, వాటిలో లేదు. ఇక మిగిలింది ఏడే."

"ప్రూయిట్ దాన్ని తొమ్మిదిసార్లు విప్పి మడిచాడు. చీటీ మీద తొమ్మిది సంతకాలున్నాయి. నీకు కళ్ళు దొబ్బాయా?"

"సంతకాలున్నాయి, విప్పడమే లేదు! నా కళ్ళతో చూశా. పాత దారం తెంపాడు, చీటీ లాగి సంతకం గీకాడు, కొత్త దారం కట్టాడు, సీలు నొక్కాడు. పదకొండు నిమిషాల్లో నాలుగు కానిచ్చేశాడు."

ప్రూయిట్ అక్కడే కాఫీ తాగుతున్నాడు. "ముసలాడు పోయినప్పట్నించీ వీడికి నా మీద ఏడుపే," అన్నాడు, కప్పులోంచి తల ఎత్తకుండా.

"అయితే ఇప్పుడు విప్పు, నా ఎదురుగా."

"నీ ఎదురుగా విప్పడానికి నువ్వెవడివిరా?"

కర్టిస్ ఒక్క క్షణం ఆగాడు. ఆ ఆగడం నేను చూశాను. కానీ అది విప్పించాడంటే, మూడేళ్ళుగా జనాన్ని ఎలాంటి సరుకు కట్టి దూకించాడో ఒప్పుకున్నట్టే. దానికంటే వాడికి చావు నయం.

"నడు బయటికి," అన్నాడు. "రేపు నా విమానం నువ్వు ముట్టుకోనక్కర్లేదు. ఎప్పటికీ అక్కర్లేదు."

గుమ్మం దగ్గర టెస్ నిలబడుంది. "వెండెల్, రేపు నన్ను పైకి తీసుకెళ్ళేది నువ్వే కదా?" అంది. ఆ పిల్ల మొహం చూడలేకపోయాను. తల దించుకుని బండెక్కాను.

ఆ రాత్రి ఏం జరిగిందో నేను చూడలేదు. కర్టిస్ నోటితో వాడు చెప్పిందే చెబుతున్నా. అదీ నన్ను తిడుతూ చెప్పాడు.

ఏడో నెంబరుకి తానే కాపలా ఉంటానని మెట్లెక్కాడట. లోపలికెళ్ళి తలుపు గడియ పెట్టి తాళం కూడా వేశాడు. బల్ల మీద ఏడో నెంబరు, ఒళ్ళో తుపాకీ, నెత్తిన ఒక్క బల్బు. బయట వాన.

పన్నెండు దాటింది. కునుకు పడుతోంది...

టిక్.

కళ్ళు తెరిచాడు. ఏమీ లేదు. గోడమీద క్లాంపు రిబ్బను ఒకటి ఊగుతోంది. కిటికీ మూసే ఉంది.

"ఒకటి..."

మెల్లిగా, గొణుగుతున్నట్టు, గోడ దగ్గర్నించి వచ్చిందా మాట.

"రెండు... మూడు... నాలుగు..."

ఆగింది. అయిదు రాలేదు. మళ్ళీ మొదలయింది. ఈసారి ఇంకొంచెం ఇవతలగా.

"ఎవడ్రా అది? వెండెల్! నువ్వేనని తెలుసు, బయటికి రా!"

"ఒకటి... రెండు..."

"చచ్చినవాడివి చచ్చినట్టుండు ముసలాడా! నీ చేతివాటం పోయి నువ్వు పారేసుకుంటే నా మీద పడతావేం? పో!"

లెక్క ఆగిపోయింది. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. ఒక నిమిషం గడిచింది... రెండు నిమిషాలు...

అప్పుడు సరిగ్గా వాడి చెవి పక్కన —

"నాలుగే ఉన్నాయి కర్టిస్."

తుపాకీ పేల్చేశాడు! బల్బు పగిలి గది చీకటైపోయింది. కప్పుకి పడ్డ ఆ చిల్లు ఇప్పటికీ ఉంది, కావాలంటే వెళ్ళి చూసుకోండి. నేల మీద బోర్లా పడి రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. లేచి తలుపు తీసుకుని పారిపోవడానికి కూడా కాళ్ళు రాలేదట. ఆ చీకట్లో, బల్ల మీద, దారం తెగిన చప్పుడు విన్నాడు. తరవాత బట్ట జారుతున్న చప్పుడు. మడత తరవాత మడత, తొందర లేకుండా, తెల్లారేదాకా.

నేనెక్కడున్నానంటారా? తిరిగొద్దామనే బయల్దేరాను. తలుపు పగలగొట్టైనా సరే, జైలుకెళ్ళినా సరే అనుకున్నాను. బండిలో గునపం పెట్టుకున్నాను. పన్నెండు మైళ్ళ అవతల, వంతెన దగ్గర, వానకి బండి జారి గోతిలో పడింది. చీలమండ విరిగింది. రోడ్డు మీదికి పాక్కుంటూ రావడానికే గంట పట్టింది. ఒక్క బండీ రాలేదు. ఆ రాత్రి ఆ బురదలో నేను ఏడ్చిన ఏడుపు పగవాడికి కూడా వద్దు. ఎమిల్ పిలిచిన రాత్రిలాగే ఈసారి కూడా పొద్దునకి గాని చేరనే అని ఏడ్చాను.

అయిదింటికి రూబెన్ చూశాడు. బళ్ళు లాగే ట్రక్కు వాడిది. ఆస్పత్రికి పోదామంటే వద్దని బూతులు తిట్టి మైదానానికి తీసుకెళ్ళమన్నాను. పదమూడు మెట్లూ నన్ను వీపున మోసుకుని ఎక్కాడు.

అప్పుడే తలుపు తెరుచుకుంది. కర్టిస్ మొహంలో నెత్తురు లేదు. వాడి వెనక బల్ల మీద ఏడో నెంబరు రిజర్వు బారుగా పరిచి ఉంది. తాళ్ళన్నీ దువ్వినట్టు సర్ది ఉన్నాయి. వాటి మీద అడ్డంగా ఒక తుప్పు మరక... పిడికిలంత క్లాంపు మూడేళ్ళు కరిచి పట్టుకున్నచోట.

గోడకేసి చూశాను.

అయిదు.

అయిదో రిబ్బను ఇంకా ఊగుతోంది.

కింద టెస్ అప్పటికే జంప్ సూటు వేసుకుని నిలబడుంది. "నాన్నా, టైమవుతోంది!" అని కేకేసింది. కర్టిస్ మెట్ల మీద కూలబడి మోకాళ్ళ మధ్య తల పెట్టుకున్నాడు. ఆ రోజు ఎవరూ దూకలేదు. ప్రూయిట్ కాఫీ కప్పు కూడా తీసుకోకుండా ఊరొదిలి పోయాడు.

వారానికి కర్టిస్ మా ఇంటికొచ్చాడు. కాలికి కట్టుతో కూర్చుని ఉన్నాను. బల్ల మీద ఒక విస్కీ సీసా ఠక్కున పెట్టాడు.

"అయిదూ విప్పింది నువ్వే," అన్నాడు. "ఎలా దూరావో ఎలా పోయావో నాకనవసరం. ముసలాడి గొంతు పెట్టి నన్ను భయపెట్టి, పారిపోతూ గోతిలో పడ్డావు. నువ్వు దొంగవి. నా గుమ్మం తొక్కావంటే ఆ రెండో కాలూ విరగ్గొడతా." సీసా నావైపు తోశాడు. "కానీ నా పిల్ల బతికుంది. పద్ధతి పద్ధతే."

దొంగను కాదని ఎలా అంటాను? ఇప్పుడు మీకు చెబుతున్నా వినండి. రెండు, నాలుగు, అయిదు, తొమ్మిది... ఆ నాలుగూ విప్పింది నేనే. ఎమిల్ ఇచ్చిన పాత తాళంచెవి నా దగ్గరుంది. సీలు తెగితే తప్ప ఎవరూ లోపల చూడరని తెలిసి, పేరు దెయ్యం మీద పడుతుందని తెలిసి, నేనే తెంపాను. నేనని ఒప్పుకుంటే నా పైలట్ లైసెన్సు పోతుంది. పిరికితనమే, కాదనను.

ఏడో నెంబరు విప్పింది మాత్రం నేను కాదు.

కాలు బాగయ్యాక టెస్‌ని అడిగితే తండ్రి దగ్గర్నించి తాళంచెవి తెచ్చింది. ఇద్దరం కలిసే ఎక్కాం. ఆ సీసా నాది కాదని చెప్పి, గూట్లో పదకొండింటి పక్కన పన్నెండోదిగా పెట్టాను. "ఆ రాత్రి రానందుకు క్షమించు," అన్నాను. తాళం టెస్సే వేసి జేబులో పెట్టుకుంది.

మర్నాడు పొద్దున మళ్ళీ ఇద్దరం వెళ్ళి చూశాం. సీసాలో చుక్క తగ్గలేదు. మూత సీలు మాత్రం తెంపి, తీసిన ముక్క పక్కనే నీటుగా పెట్టి ఉంది.

టెస్ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "వెండెల్... ఇదీ నువ్వేనా?"

"కాదమ్మా," అన్నాను. "లోపల చూడకుండా ఆయన దేన్నీ వదలడు."