మామగారు రాని బోణీ

హనోయ్‌లోని ఆ సందులో ఎప్పటిలాగే కుళాయి దగ్గర బకెట్ల గోలతోనే తెల్లారింది. గుమ్మం ముందు పీట వేసుకుని కూర్చున్న మియెన్‌కి మాత్రం ఆ గోలేదీ చెవికెక్కడం లేదు. పెసరపప్పు వేసి వండిన జిగురు బియ్యం అన్నం గిన్నె మూత తీస్తోంది, ఆవిరి చూసి మళ్ళీ పెడుతోంది. తుడిచిన అరిటాకులే తుడుస్తోంది.

"ఆ మూతని కాస్త బతకనివ్వవే," అన్నాడు భర్త ఖాంగ్.

"బోణీ అయితేగానీ నాకు ఊపిరాడదు. మామయ్య ఏరీ?"

"చీకటితోనే ఎటో వెళ్ళిపోయారు."

మియెన్ ముఖం మాడిపోయింది. రెండేళ్ళ కిందట వీధి మలుపులో ఇదే అన్నం అమ్ముతుంటే సొంతంగా అమ్మడం నేరమని వార్డు ఆఫీసు మనుషులు బుట్టతో సహా పట్టుకుపోయారు. ఇప్పుడు సర్కారే మనసు మార్చుకుని, ఎవరి గుమ్మంలో వాళ్ళు అమ్ముకోవచ్చంది. సర్కారు ఇచ్చిన సెలవు ఇంట్లో చెల్లాలి కదా! జీవితమంతా బడిలో పాఠాలు చెప్పిన మామగారు లామ్ మాస్టారి లెక్కలో చదువుకున్నవాడు ముందు, తర్వాత రైతు, ఆ తర్వాత పనివాడు. వర్తకుడు అందరికన్నా చివర.

నిన్న భోజనాల దగ్గర ఆయన అగ్గిమీద గుగ్గిలమయ్యారు.

"నా గుమ్మంలో కొట్టా? నా శిష్యులు ఈ దారినే పోతారు!"

"మీ శిష్యులకీ ఆకలేస్తుంది మామయ్యా."

"ఇన్నాళ్ళూ రేషను కూపన్లతో బతకలేదూ?"

"బతికాం. మీ మనవరాలు పాల మొహం చూడకుండా బతికింది. నన్నిక ఎవరూ పట్టుకోరని సర్కారే చెప్పింది. ఇప్పుడు పట్టుకుంటున్నది మీరే!"

ఆయన తినడం ఆపి లేచిపోయారు. ఖాంగ్ తలెత్తలేదు. అతని సైకిలు అమ్మితేనే గిన్నె, బియ్యం వచ్చాయి. ఈ కొట్టు నిలవకపోతే మళ్ళీ మొదలుపెట్టడానికి అమ్ముకునేదేమీ లేదు.

తీరా ఇవాళ చూస్తే, ఒక్కరూ కొనరు. మొదట కొన్న చేతిని బట్టే కొట్టు నడుస్తుందని ఆ ఊరి నమ్మకం. బేరమాడి వెళ్ళిపోయేవాళ్ళు, మైలలో ఉన్నవాళ్ళు బోణీకి పనికిరారు. రేపు ఎవరేమంటారోనని అందరూ ఆవిరి వాసన పీల్చి తప్పుకుంటున్నారు.

"నాకూ తినాలనే ఉందే," అంది పక్కింటి బిక్ పిన్ని. "కానీ నా చెయ్యి మంచిది కాదు. రేపు అన్నం మాడితే నన్నే తిట్టుకుంటావు."

సందు చివర లామ్ మాస్టారు కనిపించారు. ఇటు వీపు పెట్టి నిలబడ్డారు.

"చూశావా? మొహం చూపించడం కూడా నామోషీయే!" మియెన్ పీట మీంచి లేచింది. "లోపల పెట్టెయ్ గిన్నె. నా వల్ల కాదు."

అంతలో బజారు అవతలి హావ్ మామ్మ రొప్పుతూ వచ్చింది. ఇంటినిండా మనవలు, నోటినిండా నవ్వు.

"నాలుగు పొట్లాలు కట్టమ్మా. ధర అడగను. అడగకూడదని మీ మామగారు ఒట్టు వేయించుకున్నారు."

"మామయ్యా?"

"చీకటితో వచ్చి తలుపు కొట్టారు. ఎవరికేమైందోనని హడలిపోయాను. 'మా అన్న పోయి నెల కాలేదు, నేను మొదట కొనకూడదు. మీది మంచి చెయ్యి, మా కోడలికి బోణీ చెయ్యండి' అని అంత పెద్దాయన దణ్ణం పెట్టారే తల్లీ!"

పొట్లం కడుతున్న మియెన్ చేతులు ఆగిపోయాయి. వర్తకమంటే చిన్నచూపు, ఇలాంటి నమ్మకాలంటే బడిలో పిల్లల చెవులు మెలిపెట్టేవారు. అలాంటి మనిషి ఆమె కోసం రెండింటినీ ఒక్క పొద్దున దిగమింగారు.

మామ్మ చేతిలో పొట్లాలు పెట్టి, మియెన్ సందు చివరికి పరుగెత్తింది.

"ఇక్కడెందుకు నిలబడ్డారు మామయ్యా?"

అన్న పోయిన గుర్తుగా జేబు మీద కుట్టుకున్న నల్లగుడ్డని ఆయన తడుముకున్నారు. "మైలవాణ్ణి కదమ్మా. బోణీ అయిందా?"

"అయింది. రండి ఇంటికి."

గుమ్మం దగ్గరికి రాగానే ఆయన డబ్బు తీశారు. మియెన్ చేతులు వెనక్కి పెట్టుకుంది.

"మీ దగ్గరా?"

"కొట్లో మామ ఉండడు. కొనేవాడే ఉంటాడు. తీసుకో."

అంతవరకూ గోడవారన ఉన్న బిక్ పిన్ని నెమ్మదిగా జరిగింది. "రేపట్నుంచి నీ పక్కన టీ పెట్టుకోనా?"

లామ్ మాస్టారు ఆకు విప్పి, వీధిలోనే నిలబడి తింటున్నారు. సైకిలు మీద పోతున్న ఒక పాత శిష్యుడు ఆయన్ని చూసి తడబడి బ్రేకు వేశాడు.

"ఏరా, అలా చూస్తావేం? దిగు!" బడిగొంతుతో కేకేశారు మాస్టారు. "ఇది మా కోడలి కొట్టు. తిని వెళ్ళు!"

మియెన్ కళ్ళు నిండిపోయాయి. గిన్నె మూత ఎక్కడ పెట్టిందో ఆమెకు గుర్తు లేదు. ఆ పూటంతా మళ్ళీ దాని అవసరమూ రాలేదు.