ఫోన్‌లో సగం వినబడిన మాట

ఫణిభూషణ్ కనిపించకుండా పోయాడు.

2005 జులై. బౌరంపేట్ దాటాక కొత్తగా లేచిన కాలనీ. నలభై ఇళ్లు, ఒక పార్కు, చుట్టూ ఎత్తయిన గోడ. నిన్న సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, స్కూటర్ ఇంటి ముందు పెట్టి, ఇప్పుడే వస్తానని వెళ్లిన మనిషి తిరిగి రాలేదు. గేటు మాత్రం దాటలేదని వాచ్‌మన్ వీరయ్య ఒట్టేసి చెబుతున్నాడు.

ఎస్సై అశ్రిత వచ్చేసరికి ఉదయం ఆరున్నర. ఫణిభూషణ్ భార్య నవ్యశ్రీ సెల్‌ఫోన్‌ని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. రాత్రంతా కవరేజ్‌లో లేరన్న ఫోన్‌లో కాసేపటి క్రితమే భర్త గొంతు వినబడింది.

"ఏమన్నడు?"

"ఒకటే గరగర అండీ. 'విలేజ్' అన్నారు. ఆ ఒక్క మాటే. కట్టయిపోయింది. మళ్లీ చేస్తే స్విచ్డ్ ఆఫ్."

కాలనీ కట్టిన బిల్డర్ రాజారావు అక్కడే నిలబడి ఉన్నాడు. పార్కు పక్క ఇల్లు ఆయనదే. రాత్రి అందరూ వెతుకుతుంటే పార్కు వైపు తాను చూస్తానని వెళ్లాడట. నిద్రలేక కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"విలేజ్ ట్యాంక్ అయ్యుంటుంది మేడమ్. గౌడవెల్లిలో పెద్ద వాటర్ ట్యాంకుంది. అక్కడ చూడండి."

అశ్రిత జీపును అటు పంపింది. తాను కదల్లేదు. గేటు దాటని మనిషి ఇంకో ఊరికి ఎలా చేరతాడు?

విన్నది విన్నట్టు మళ్లీ పలకమని నవ్యశ్రీని అడిగింది. ఆమె కళ్లు మూసుకుంది. చివర 'లేజ్' అన్నది గట్టిగానే వినబడింది. ముందు అక్షరం మీద మాత్రం నమ్మకం లేదు. అప్పుడు గుర్తొచ్చింది. ఆయన పబ్లిక్ హెల్త్ ఇంజనీరు. గిన్నెలు కడిగిన నీళ్లను ఆమె డ్రైనేజీ అన్నప్పుడల్లా దిద్దేవాడు. సల్లేజ్ అనాలట.

అశ్రిత ఆ మాట ఎన్నడూ వినలేదు. ఫణిభూషణ్ పై అధికారి లక్ష్మణ్‌కి ఫోన్ చేసింది. ఆయన ఓపిగ్గా వివరించాడు. వంటింటి నీళ్లు, స్నానాల నీళ్లు, బట్టలుతికిన నీళ్లు, ఇవి సల్లేజ్. మరుగుదొడ్డి నుంచి వచ్చేది సూయేజ్. రెండూ కలవకూడదు. మాట పాతబడింది, ఇంగ్లిష్ పేపర్లలో కూడా కనబడదు. వాళ్ల డిపార్ట్‌మెంట్‌లో మాత్రం ఇంకా వాడతారు. కొన్నిచోట్ల ఆ నీళ్లకు వేరే ట్యాంకు కడతారు.

"మీ కాలనీల సల్లేజ్ ట్యాంక్ ఎక్కడున్నది?" రాజారావుని అడిగింది.

అలాంటిదేమీ లేదన్నాడు. అన్నీ ఒకే సెప్టిక్ ట్యాంకులోకి పోతాయన్నాడు. మూత తీయించి చూపించాడు. అందులో ఎవరూ లేరు.

అప్పుడే పక్కింటి బాత్‌రూమ్ గొట్టంలోంచి నీళ్లు జారిన చప్పుడయింది. ఆయన నిజంగా ఆ ట్యాంకులోనే ఉంటే, ఈ కాలనీలో పోసుకునే ప్రతి చెంబూ ఆయన మీదికే పోతోంది. ఇది పిల్లలు స్కూళ్లకు తయారయ్యే వేళ.

"వీరయ్యా, జల్దీ పై ట్యాంకు వాల్వు బంద్ చెయ్యి. ఎవ్వలు బొట్టు నీళ్లు ఇడవద్దని ఇంటింటికి చెప్పు."

తర్వాత నవ్యశ్రీ వంటింటి సింకులో చిన్న బకెట్ నీలిమందు నీళ్లు పోయించింది. ఆమె కొంచెం కొంచెంగానే పోసింది. అవి కూడా అక్కడికే. తప్పలేదు.

సెప్టిక్ ట్యాంకులో నీలం కనబడలేదు.

కానిస్టేబుళ్లు ఇళ్ల వెనక ఛాంబర్ల మూతలు ఒక్కొక్కటే తీశారు. నీలం చార పార్కు దాకా వెళ్లి ఒక ఇసుక కుప్ప కిందికి మాయమైంది. ఆ కుప్ప నిన్న మధ్యాహ్నం లేదన్నాడు వీరయ్య.

పారలు పడ్డాయి. ఇసుక కింద ఇనుప మూత. తీయగానే వాసన గుప్పుమంది.

చీకట్లో ఒక తల. నీళ్లు గడ్డం దాకా ఉన్నాయి. మునివేళ్ల మీద నిలబడి, రెండు అరచేతులూ గోడకు ఆనించి, మొహం పైకెత్తి ఉన్నాడు ఫణిభూషణ్. పిలిస్తే పలకలేదు. తాడు వేస్తే పట్టుకోలేకపోయాడు. కానిస్టేబుల్ దిగి నడుముకు కట్టాల్సి వచ్చింది. బయటికి వచ్చాక కూడా అరచేతులు దించలేదు.

అంబులెన్స్ మేడ్చల్ వైపు వెళ్లాక అశ్రిత రాజారావు వైపు తిరిగింది.

"ఆమె విలేజ్ అన్నది. ట్యాంక్ అన్నది మీరొక్కరే. ఆయన ట్యాంకుల ఉన్నడని మీకెట్ల తెలిసింది?"

రాజారావు ఇసుక మీద కూలబడ్డాడు. వెనక వరస ఇళ్ల మరుగుదొడ్ల గొట్టాలు ఖర్చు తగ్గుతుందని ఇందులోనే కలిపాడు. అడుగున సిమెంటు వేయలేదు. ఆ మురుగు పక్కనే ఉన్న కాలనీ బోరులోకి ఇంకుతోంది. కాలనీ పిల్లలకు వాంతులు ఎందుకవుతున్నాయో చూపిస్తానని ఫణిభూషణ్ ఆయన్ని పిలుచుకొచ్చి, నిచ్చెన వేసుకుని దిగాడు. తెల్లారి అందరికీ చెబుతానన్నాడు. రాజారావు నిచ్చెన లాగేసి మూత వేశాడు. రాత్రి వెతికే నెపంతో వచ్చి దాని మీద ఇసుక పోశాడు.

"గంటసేపు భయపెడితే దారికొస్తాడనుకున్నానండీ. ఆ తర్వాత మూత తీస్తే నా బతుకు అయిపోతుంది. ఎలా తీయను?"

అశ్రిత ఆయన ఇంటి కిటికీని చూసింది. ఇసుక కుప్పకు ఇరవై అడుగుల దూరం కూడా లేదు.

"మొత్తుకున్నడా ఆయన?"

"అరిచాడు. చాలాసేపు."

"మీరేం చేసిన్రు?"



"టీవీ సౌండ్ పెంచాను."