బొమ్మ వెనక మాట

"పదింటికి పాలకాయతిప్ప నుంచి నలభై పడవలు బయల్దేరతాయి. వాటి మధ్య కలిసిపోయి ఓ విదేశీ లాంచీ ఆయుధాలతో వస్తుంది. ఆపాలి," అన్నాడు చీఫ్ సాంబశివరావు ఫోన్లో.

"తుపాను ఇటు తిరిగింది కద సార్. ఇవాళ పడవలు కదలవు."

"కదులుతాయని ఆ ముఠాకి గట్టి నమ్మకం. ఎందుకో కనుక్కో."

ఏజెంట్ శ్రీరామ్ యూపీఎస్ మెకానిక్ వేషం వేసుకుని, బ్యాగులో వైర్‌లెస్ సెట్టుతో బందరులో జీపెక్కాడు.

"ఇవాళ తిప్పకి మాత్రం వెళ్లకు. నీ కాళ్లు పట్టుకుంటాను," అంది ఉమాశ్రీ. శ్రీరామ్ పైకి పనిచేసే వెబ్‌సైట్ల టెస్టింగ్ ఆఫీసులోనే ఆమె ఇంజినీరు. ఇరవై రోజుల్లో మోపిదేవిలో ఇద్దరికీ పెళ్లి. ప్రేమకొద్దీ అంటోందనుకున్నాడు, వెర్రినాగన్న.

తిప్పలో మైకు గది జీవానందానిది. ఆయనకి చూపు లేదు. రోజూ 'సాగరసూచన' వెబ్‌సైట్‌ని కంప్యూటర్ ఇంగ్లీషులో చదివితే విని, తెలుగులో మైకులో చెబుతాడు. ఆయన చెప్పందే ఆ ఊళ్లో పడవ కదలదు.

శ్రీరామ్ వెళ్లేసరికి కంప్యూటర్ చదువుతోంది. "సీ కామ్. సేఫ్ టు సెయిల్." సముద్రం ప్రశాంతం, వెళ్లొచ్చని జీవానందం మైకులో చెప్పేశాడు, పడవలు కదిలాయి.

స్క్రీన్ మీద చూస్తే ఎర్రటి తుపాను హెచ్చరిక బొమ్మ!

చూపు లేనివాళ్ల కోసం ప్రతి బొమ్మ వెనకా ఒక వాక్యం రాసి పెడతారు. కంప్యూటర్ చదివేది దాన్నే. ఆటోమేటిక్ టెస్టింగ్ సాఫ్ట్‌వేర్ ఆ వాక్యం ఉందా లేదా అనే చూస్తుంది, నిజమో అబద్ధమో దానికి అక్కర్లేదు. నూటికి నూరు మార్కులు వేసింది. నిన్న రాత్రి ఆ రిపోర్టు చూసి సర్టిఫికెట్ మీద సంతకం పెట్టిన మహానుభావుడు శ్రీరామే.

పేజీ హిస్టరీ తెరిచాడు. ఆ వాక్యం నిన్న సాయంత్రం మారింది. మార్చిన లాగిన్, ఉమాశ్రీ. ముఠా నమ్మకం వెనక ఉన్నది ఆమే.

ఏడవడానికి టైం లేదు.

"పడవల్ని వెనక్కి పిలవండి. తుపాను వస్తోంది."

"భలేవారే. ఉమాశ్రీగారు నేర్పిన కంప్యూటరండీ ఇది. మెకానిక్కు చెబితే నమ్మాలా?"

"మెకానిక్‌ని కాదండీ. శ్రీరామ్‌ని. ఆవిడ చేసుకోబోయేవాణ్ణి."

జీవానందం మైకు అందుకున్నాడు. "నేను తప్పు చెప్పానయ్యా. వెనక్కి వచ్చెయ్యండి." పద్దెనిమిదేళ్లలో ఆయన ఆ మాట అనడం అదే మొదలు.

అప్పటికే మొదటి పడవ, ఏరు సముద్రంలో కలిసే అలివి దాటబోతోంది. తటపటాయించి, చివరికి తిరిగింది. దాని వెనకే మిగతావన్నీ తిరిగాయి.

శ్రీరామ్ బయటికొచ్చి వైర్‌లెస్ తీసి, చీఫ్‌ని కోడ్ పేరుతో పిలిచాడు. "ఉప్పుచేప, ఉప్పుచేప. సముద్రం ఖాళీ. కనిపించిన లాంచీని పట్టుకోండి. ఇంకోటి సార్... ఉమాశ్రీని అరెస్ట్ చెయ్యండి."

పావుగంటలో లాంచీ దొరికింది. వెంటనే సెల్ మోగింది.

"పడవెక్కలేదుగా?" ఉమాశ్రీ గొంతు.

"నలభై పడవల్లో ఎంతమంది ఉంటారో తెలుసా నీకు?"

"తెలుసు. నువ్వొక్కడివీ వాటిల్లో ఉండకూడదనుకున్నాను."

ఆమె వెనక పోలీసు బూట్ల చప్పుడు. లైన్ కట్టయింది. శ్రీరామ్ ఇసుకలో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

గాలి లేచింది. జీవానందం తడుముకుంటూ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"మీ పెళ్లికి మైకు నాదేనని ఉమాశ్రీగారికి మాటిచ్చాను బాబూ. ముహూర్తం అదేనా?"

"వాయిదా పడిందండీ."

"అయ్యో. మళ్లీ ఎప్పుడు పెడతారట పంతులుగారు?"

"పంతులుగారి చేతుల్లో లేదండీ," అన్నాడు శ్రీరామ్ ముక్కు తుడుచుకుంటూ. "బందరు కోర్టువారు చెప్పాలి."