ముగ్గుపిండి వంటిల్లు

"ఏమప్పా, మీ సింకు మళ్లా నడిసిందా?"

వాళ్ల వంటింటిని మార్చడానికి ప్లాన్లు గీస్తున్న హర్షిత గేటు తీస్తూనే అడిగిన మొదటి మాట అది. ధనుంజయ నవ్వు దాచుకోలేక పక్కకు తిరిగాడు. మొదట సింకు కిటికీ కింద అన్నాడు. తర్వాత స్టవ్ పక్కన అన్నాడు. నిన్న ఫోన్ చేసి, మూలకైతే ఎట్లుంటుందని అడిగాడు. అడిగినప్పుడల్లా ఆమె మదనపల్లె నుంచి పుంగనూరుకు బస్సెక్కి రావాల్సిందే. అతనికి కావలసిందీ అదే. సింకు ఎక్కడుంటే అతనికేం?

కానీ రేపు మేస్త్రి అంకయ్య వచ్చేస్తాడు. వంటగట్టు కట్టాక సింకు కదలదు, హర్షితకు ఈ ఇంటితో పనీ ఉండదు. మనసులో మాట చెప్పాలంటే ఈ రోజే చెప్పాలి.

"పేపర్ మింద గీస్తే నీకు ఎక్కేటట్టు లేదు," అంటూ ఆమె ముగ్గుడబ్బా తెప్పించుకుంది. వాకిట్లో టేపు పరిచి, వంటింటిని ఉన్న కొలతలతో ముగ్గుపిండితో గీసేసింది. ఇది గోడ, ఇది గట్టు, ఇది స్టవ్.

"ఇంతేనా మా వంటిల్లు! మా ఆవు పండుకుంటే తోక బయటుంటాది."

"ఆవు వద్దు గానీ నువ్వు రా. గీత తొక్కితే గోడ గుద్దుకున్నట్టే. వంట ఎవురు సేస్తారు?"

"మాయమ్మ. సంగటి మాత్రం నేను గెలుకుతా. ఆమెకు భుజం నొప్పి."

హర్షిత అతన్ని కొత్తగా చూసింది. "మా ఇంట్లో మా నాయన గెలుకుతాడు. మాయమ్మ మిషన్ ఆస్పత్రిలో నర్సు గదా, ఊరంతటికీ సూదులేస్తాది, సంగటి కట్టె సూస్తే పారిపోతాది. అయితే దబర పట్టుకునేదానికి ఇంకో మనిషి కావాల. ఈడ ఇద్దురు పడతారేమో సూద్దాం."

"నేను లేయలేనమ్మా, నువ్వే పట్టుకో," అంది అరుగు మీద అనపకాయలు ఒలుస్తున్న అతని తల్లి మునిరత్నమ్మ.

ఖాళీ దబర గిన్నెను గీతల మధ్య పెట్టి హర్షిత రెండు చేతులా పట్టుకుంది. ధనుంజయ ఎదురుగా కూర్చుని కట్టె తిప్పాడు.

"గట్టిగా పట్టుకో."

"గట్టిగానే పట్టుకున్నా. నువ్వు దబరను సూసి గెలుకు."

చూపు దొరికిపోయేసరికి తడబడి వెనక్కి జరిగాడు. మోకాలు తగిలి ఒక గీత చెరిగిపోయింది. అది దేవుని గూడు గీత.

ఇద్దరూ ఆగిపోయారు. అతని తాత కాలం నుంచి ఆ గూడు వంటింట్లోనే ఉంది. ఆదివారం చర్చికి వెళ్లే హర్షిత, గీసిన ప్రతి ప్లానులోనూ దాన్ని ఉన్నచోటే ఉంచింది.

"గూడు ఈడుంటే ఒకరే పడతారు," అంది ఆమె మెల్లగా. "దాన్ని జరపమని నేను అడగను."

ఇన్నాళ్లూ అతను అడగలేకపోయిన మాట సరిగ్గా అక్కడే ఉంది. కట్టె పక్కన పెట్టాడు.

"ఒకరికైతే నాకొద్దు. ఇద్దురికి గియ్యి. ఆ రెండో మనిషి నువ్వైతేనే అంకయ్యను రమ్మంటా. లేదంటే సింకును జరుపుతానే ఉంటా."

హర్షిత అరుగు వైపు చూసింది.

లేవలేనన్న మునిరత్నమ్మ లేచి వచ్చింది. మిగిలిన గీతను చేత్తో తుడిచింది. పిడికెడు పిండి తీసుకుని వంటింటి గీత దాటి, నడిల్లు ఉండాల్సిన చోట గూడు మళ్లీ గీసి, మధ్యలో చిన్న పద్మం పెట్టింది.

"ఇన్నేండ్లు మా పొగంతా మింగినాడు సామి. ఇంక నడింట్లో సల్లగా కూసోనీ," అంది. "నువ్వు సర్చికి పొయ్యొచ్చే దినం సంగటి కొంచెం లేటవుతాది, అంతే గదమ్మా?"

హర్షిత కళ్లు తుడుచుకోబోతే చేతి పిండి చెంపకంటింది. చెరిగిన చోట ఇద్దరు కూర్చునేంత జాగా గీసి, సింకును కిటికీ కిందే పెట్టింది.

"ఇది ఇంక నడవదు. మా నాయనతో నేను మాట్లాడతా. ఆయన అడిగేది ఒకటే. పిల్లోడికి సంగటి గెలికేది వస్తాదా అని."

"ఏం సెప్తావు?"

"వస్తాది గానీ, దబర పక్క సూడనే సూడడని సెప్తా."